ఎవరికి కనబడింది వాళ్లు చెప్పాలి

నాచారం

చి. సౌ. మేనకోడలికి,

సోషల్ వర్క్ చదువులో నీ ఫీల్డ్‌వర్క్ ఉప్పల్, నాచారం బస్తీల్లో పడిందని, ఇంట్లోవాళ్ల చేతుల్లో బాధలు పడే వృద్ధుల కోసం పనిచేస్తానని రాశావు. నర్సుగా ఇన్నేళ్లు పనిచేసిన దాన్ని కనుక నాకు తెలిసింది చెబుతాను.

పెద్దవాళ్లకు జరిగే హాని ఏ ఒక్కరి కంటికీ పూర్తిగా కనబడదు. నాచారం ఈఎస్ఐ ఆసుపత్రికి కార్మికులే కాదు, వాళ్ల మీద ఆధారపడ్డ తల్లిదండ్రులూ వస్తారు. ముసలమ్మ చేతి మీద కమిలిన మచ్చ నర్సు కంటపడుతుంది. పింఛను పడిన రోజే మొత్తం తీసుకుపోయే కొడుకును బ్యాంకు ఉద్యోగి చూస్తాడు. బీపీ మాత్రలు కొనడం మానేశారని ఆశా కార్యకర్తకు తెలుస్తుంది. రాత్రిపూట అరుపులు పక్కింటివాళ్లు వింటారు. 'వాళ్లింటి గొడవ మనకెందుకు' అని ఎవరికి వాళ్లు ఊరుకుంటే ఆమెకు దిక్కెవరు? వీళ్లందరినీ కలపడమే నీ పని.

ఆ జట్టులో డాక్యుమెంట్ రైటర్‌నూ చేర్చుకో. 2017లో ఉప్పల్ మీదుగా మెట్రో నడిచాక ఇక్కడ చిన్న ఇంటికీ పెద్ద విలువ వచ్చింది. ఇల్లు రాసివ్వమని పెద్దవాళ్ల మీద ఒత్తిడి పెట్టడానికి అదే కారణమవుతుంది. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, తమను చూసుకోవాలన్న షరతుతో ఆస్తి ఇచ్చాక పిల్లలు మాట తప్పితే ఆ బదిలీని ట్రైబ్యునల్ రద్దు చేయగలదు. అయితే ఆ షరతు ఉన్నట్టు రుజువు కావాలని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే గిఫ్ట్ డీడ్‌లో ఆ ఒక్క వాక్యం రాయించే లేఖరి ఒక ముసలి ప్రాణాన్ని కాపాడినట్టే.

ట్రైబ్యునల్ అంటే భయపడనక్కర్లేదు. ఆర్డీవో స్థాయి అధికారి విచారిస్తారు, వకీలు అక్కర్లేదు. పెద్దాయన వెళ్లలేకపోతే ఆయన తరఫున మరొకరు, లేదా ఒక సంస్థ దరఖాస్తు పెట్టవచ్చు. నెలవారీ పోషణ ఖర్చుపై 90 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతోంది.

పోలీసులను చివరి మెట్టు అనుకోకు. తమ పరిధిలోని వయోవృద్ధుల జాబితా, ముఖ్యంగా ఒంటరిగా ఉండేవాళ్ల జాబితా, ప్రతి స్టేషన్‌లో ఉండాలనీ, వీలైనంత వరకు సామాజిక కార్యకర్తను వెంటబెట్టుకుని నెలకొకసారైనా వాళ్లను పలకరించాలనీ కేంద్రం నమూనా నిబంధనలు చెబుతున్నాయి. 14567 ఎల్డర్ లైన్ నంబరు ప్రతి ఇంటికీ చెప్పు. ఆ సేవ 2017లో మొదట ప్రారంభమైంది మన హైదరాబాద్‌లోనే.

ఇంటికి వెళ్లినప్పుడు కొడుకూ కోడలూ లేకుండా, ఆ పెద్దావిడతో ఒంటరిగా మాట్లాడు. ఆమెకేం కావాలో ముందు అడుగు. చాలామంది తల్లులకు కొడుకు జైలుకు పోవడం ఇష్టం ఉండదు, కొట్టడం ఆగితే చాలు. ఆమె ఒప్పుకోకుండా ఆమె సంగతి బస్తీలో పొక్కనివ్వకు. ఎవరికి ఎంత అవసరమో అంతే చెప్పు. ప్రాణం మీదికొస్తే మాత్రం ఆలోచించకుండా 112కు ఫోన్ చెయ్యి. తేదీ, దెబ్బ ఎక్కడ తగిలింది, ఆమె అన్న మాట, ఈ మూడూ ఉన్నదున్నట్టు రాసిపెట్టు. మంచాన పడ్డ అత్తకు ఏళ్ల తరబడి చాకిరీ చేసి అలసిపోయిన కోడలూ నీకు ఎదురవుతుంది. ఆమెకు కావలసింది నిందలు కాదు, ఆసరా.

వచ్చే సోమవారం పోలీసు స్టేషన్‌కు వెళ్లి వయోవృద్ధుల జాబితా గురించి అడుగు. ఆ తర్వాత ఆసుపత్రి నర్సునూ, ఆశా కార్యకర్తనూ, బ్యాంకు ఉద్యోగినీ ఒకచోట కూర్చోబెట్టు. పెద్దల్ని కాపాడటం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అందరం పూనుకుంటే తప్పక అవుతుంది.

ఆశీస్సులతో,
మీ మేనత్త