పాత బండిని అట్లే అమ్మాలా, ఊడదీసి అమ్మాలా?



మన తండాల్లో చాలా ఇండ్ల ముందర ఒక పాత మోటారు సైకిలు నిలబడి ఉంటుంది. మా ఇంటి ముందర ఉన్నది 2012 నాటి స్ప్లెండర్. ఏరువాకకు శనక్కాయ విత్తనాలు కొనాలని మా నాయన దాన్ని అమ్మాలంటున్నాడు. “ఊడదీసి అమ్మితే ఎక్కువ వస్తుంది” అని కొందరు, “అట్లే ఇచ్చేయ్” అని కొందరు చెప్పినారు. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే కాబట్టి లెక్క నాకు అప్పగించినారు. మీకూ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

1. డబ్బు లెక్క

బండిని అట్లే ఇస్తే ప్యాపిలిలో ఒక మెకానిక్ 5,000 ఇస్తానన్నాడు. ఊడదీస్తే ఎంత రావచ్చో అడిగి రాసుకున్నాను.

ఇంజను 3,000
టైర్లతో రెండు చక్రాలు 1,200
ముందు ఫోర్కు, షాకబ్జర్లు 800
ట్యాంకు 600
కార్బొరేటరు 400
సీటు, లైట్లు 300
మిగిలిన ఇనుము 30 కిలోలు, కిలో 25 చొప్పున 750
మొత్తం 7,050 రూపాయలు.

ఇది చూసి మా నాయన సంతోషపడినాడు. కానీ ఖర్చు తీసేయాలి కదా! ఊడదీసే కూలి 500. సామాన్లు పట్టుకొని డోన్‌కు, గుత్తికి నాలుగు సార్లు తిరిగితే ఛార్జీలు 200. ఆ నాలుగు రోజులు పోయే కూలి 1,200. ఖర్చు 1,900 పోతే మిగిలేది 5,150. తేడా 150 రూపాయలే! ఒక్క ఇంజను అమ్ముడుపోకపోతే చేతికి 2,150 మాత్రమే వస్తుంది. విత్తనాల అదును ఇంజను అమ్ముడుపోయేదాకా ఆగదు.

2. ఏ బండి అన్నది చూడాలి

స్ప్లెండర్‌కు కొత్త సామాన్లు ఏ అంగడిలోనైనా దొరుకుతాయి. అందుకే పాతవాటికి ధర తక్కువ. మైసూరులో తయారైన పాత యెజ్డీ సంగతి వేరు. ఆ ఫ్యాక్టరీ 1996లో ఆగిపోయింది, కాబట్టి దాని అసలు సామాన్ల కోసం వెతికేవాళ్లు ఉన్నారు. యాక్సిడెంటులో ఫ్రేము వంగిపోయిన బండి, ఇంజను పూర్తిగా పట్టేసిన బండి అయితే ఊడదీయడమే మేలు. మా బండి కిక్కు కొడితే ఇంకా స్టార్టు అవుతుంది.

3. కాగితం లెక్క

ఇది అందరికన్నా మనవాళ్లకు ముఖ్యం. బండి పోయినా ఆర్‌సీలో పేరు పోదు. చేతులు మారిన ఒక కారు యాక్సిడెంటు కేసులో 2018లో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, రిజిస్ట్రేషను రికార్డులో ఎవరి పేరు ఉందో చట్టం ముందు ఆయనే యజమాని, నష్టపరిహారం బాధ్యత కూడా ఆయనదే. అంటే 5,000కు అమ్మిన బండికి లక్షలు కట్టాల్సి రావచ్చు.

అందుకని అట్లే అమ్మితే ఫారం 29, ఫారం 30 నింపాలి. అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో రవాణా ఆఫీసుకు తెలపాలి. ఆర్‌సీలో ఫైనాన్సువాళ్ల పేరు ఉంటే ముందు తీయించాలి. ఊడదీసినా ఊరికే ఉండకూడదు. బండి ఇక పనికిరాదని 14 రోజుల్లో తెలిపి, ఆర్‌సీ అప్పగించి, రిజిస్ట్రేషను రద్దు చేయించాలి. ఇంజను మీద, ఛాసిస్ మీద ఉన్న నంబర్లు రికార్డులో ఉంటాయి. ఆ ఇంజనును ఎవరైనా దొంగబండికి పెడితే పోలీసులు ముందు మన ఇంటికే వస్తారు.

“మీది ఏపీ 21, పాత కర్నూలు నంబరు, చెల్లదు” అని ధర తగ్గించేవాళ్లు ఉంటారు. నమ్మవద్దు. 2022లో ప్యాపిలి నంద్యాల జిల్లాలోకి వచ్చినా పాత నంబరు చెల్లుతుంది. రిజిస్ట్రేషను గడువు 15 ఏళ్లు. మా బండికి 2027లో నిండుతుంది. నిండితే తిరిగి రిజిస్ట్రేషను చేయించే ఖర్చు పడుతుంది, ధర ఇంకా పడిపోతుంది.

కాబట్టి నేను నాయనకు చెప్పింది ఇది: బండిని అట్లే అమ్మాలి, ఇప్పుడే అమ్మాలి, పేరు మార్పించే అమ్మాలి. మా నాయనకు వేలిముద్రే వచ్చు. ఖాళీ ఫారం మీద వేలిముద్ర వేయవద్దని, నేను చదివినాకే వేయమని చెప్పినాను. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీరూ మీ ఇంటి బండి ఆర్‌సీ తీసి, అందులో ఎవరి పేరు ఉందో చదవండి.

— తొమ్మిదవ తరగతి విద్యార్థిని