ముందు తోడు, తర్వాత బూర

కొడకండ్ల,
ఆదివారం పొద్దుగాల

అల్లుడా,

నువ్వు పంపిన నాలుగు ఫొటోలు చూసిన. నాలుగు ట్యూబాలూ కొత్త పెండ్లికొడుకుల లెక్కనే ఉన్నయి. మీ అత్త అయితే రెండోదాన్ని చూసి "ఇదే కొనుక్కోమను" అన్నది, అది అన్నింటికన్న ఎక్కువ మెరుస్తున్నదని. నేను మాత్రం ఏదీ చెప్ప. ఫొటోల ఇత్తడి కనబడతది, శ్రుతి కనబడదు. ఇంకొకటి కూడా ఉన్నది. నువ్వు రాసిన మూడు పేజీలల్ల ఎంత దేవులాడినా ఒక్క ముచ్చట దొరకలే: కొన్నంక ఎవరెనుక నిలబడి వాయిస్తవు?

ముసలోని చాదస్తం అనుకోకు. ఫ్లూటు కొన్నోడు మేడ మీద ఒక్కడే కూసొని వాయించుకున్నా అది పాటనే. ట్యూబాకు ఆ భాగ్యం తక్కువ. మగ్గాల ఊర్ల పుట్టినోనివి, పడుగు-పేక నీకు నేను చెప్పే పని లేదు. నాడె అటూఇటూ ఉరుకుతుంటే అందరి కండ్లు దాని మీదనే ఉంటయి. ఆ నాడె ట్రంపెటుది, క్లారినెటుది. ట్యూబా పడుగు. పేక పడని పడుగును ఎవరూ చీరె అని కట్టుకోరు.

పచ్‌మఢీల మిలిట్రీ బ్యాండు పని నేర్చుకుంటున్నప్పుడు మొదటి సెలవులకు ఇంటికొచ్చి, అక్కడ నేర్చుకున్నదంతా మీ అమ్మకు నోటితోటి పాడి చూపిచ్చిన. పావుగంట ఓపికగ విని, "అన్నా, పాట ఎప్పుడు మొదలైతది?" అన్నది. ఆమె తప్పేం లేదు. రెండు స్వరాలు, నడుమ ఖాళీ, మళ్ల రెండు స్వరాలు. అదే నా పాట. 22 ఏండ్లు అదే వాయించిన. ఢిల్లీ విజయ్ చౌక్‌ల జనవరి 29 సాయంత్రం బీటింగ్ రిట్రీట్‌ల వెనుక వరుసల నిలబడ్డప్పుడు గని దాని విలువ నాకు తెల్వలే. ముందర వందల మంది వాయిస్తున్నరు, నా స్వరం నాకే వినబడుత లేదు, కాని ఒక్కసారి శ్వాస తప్పిన. ముందు వరుస క్లారినెటోడు మెడ తిప్పి చూసిండు. అంత దూరం నుంచి వానికి తెల్సింది!

కాబట్టి మొదట తోడు చూసుకో. కాలేజీ దోస్తులు ఇద్దరు ట్రంపెట్లు, ఒకడు క్లారినెట్టు అని ఎప్పుడో ఫోన్ల చెప్పినవు. వాళ్లు నెలకు రెండు ఆదివారాలన్న కూడుతరా? కూడుతరంటే నీ సగం ప్రశ్నకు జవాబు అక్కడే దొరికింది. వాళ్ల వాద్యాలు బి-ఫ్లాట్‌వి, నీ చేతిల యుఫోనియం బి-ఫ్లాట్‌ది. నువ్వు కూడా బి-ఫ్లాట్ ట్యూబానే తీసుకో. యుఫోనియం గొట్టమంతా సాగదీస్తే 9 అడుగులు, ఈ ట్యూబాది 18. సరిగ్గ రెండింతలు, అందుకే సరిగ్గ ఒక స్థాయి కిందికి పలుకుతది. వేళ్లు మళ్ల నేర్చుకునే పని లేదు. ఇ-ఫ్లాట్‌ది 13 అడుగుల చిల్లర, ఎఫ్‌ది 12, సి-ది 16. ఒక్కోదానికి వేళ్ల లెక్క ఒక్కో తీరు. పొద్దంత కంప్యూటరు ముందు పని చేసి రాత్రి ఎనిమిదింటికి అలసిపోయి వచ్చినోడు కొత్త లెక్క ఎందుకు పెట్టుకోవాలె?

ఎఫ్ ట్యూబా మీద నీకు మోజు ఎందుకు పుట్టిందో నాకెరుకే. వాన్ విలియమ్స్ ట్యూబా కన్సర్టో విన్నవు. మంచి పని చేసినవు. 81 ఏండ్ల వయసుల, 1954ల, వెనుక వరుసలోన్ని తెచ్చి ముందర నిలబెట్టిండు ఆ పెద్దమనిషి. నడిమి భాగం నేనూ రాత్రిపూట ఫోన్ల పెట్టుకొని వింట. వినుడు వేరు, కొనుడు వేరు.

సైజు సంగతి. దుకాణంల ముప్పావు సైజు అంటే చాలామంది అది పొట్టిది, పిల్లలది అనుకుంటరు. పొడుగు తగ్గదు, అవే 18 అడుగులు. గొట్టం లావు, బెల్లు వెడల్పు తగ్గుతయి. ఊపిరి తక్కువ గుంజుతది, చిన్న లిఫ్టుల పడుతది, ఆటోల నీ పక్కన కూసుంటది. నిండు సైజుది 10 కిలోలకు అటూఇటూ ఉంటది, దాని పెట్టె బరువు వేరే. మూడో అంతస్తుల అద్దెకున్నోడు మొదటి నెల దాన్ని మోస్తడు, రెండో నెల మంచం కింద తోస్తడు. ఐదారుగురి నడుమ వాయించేటందుకు ముప్పావు సాలు. నలభై మంది బ్యాండుల చేరిన రోజు పెద్దది చూసుకుందువు.

మెడల చుట్టుకునే సూసాఫోను ఫొటో మూడోది. దాన్ని చూస్తే నాకూ మనసు లాగుతది, అబద్ధమెందుకు. 1893ల అమెరికాల సూసా అనే బ్యాండు మాస్టరు అడిగితే చేసిన్రు. మొదటిదానికి బెల్లు ఆకాశం దిక్కు ఉండేదట, వాన చినుకులు పట్టేదని నవ్వుకునేవాళ్లట. నడుసుకుంట వాయించేటోనికి అది వరం. నువ్వు నడుస్తవా? బరాతుల నడిచే మన బ్యాండోళ్లకే ఇప్పుడు పని దొరకుత లేదు, డీజే డబ్బాలు వచ్చినంక. ఇత్తడిదైతే 15 కిలోల దాకా భుజం మీద. కూసొని వాయించేటోడు అది కొనుడంటే ఇంట్ల కూసునేటందుకు ట్రాక్టరు కొన్నట్టే.

వాల్వుల కాడ మాత్రం పైసలకు చూడకు. నాలుగు వాల్వులది తీసుకో. ఎందుకో చెప్త. ఒక వాల్వు నొక్కితే కొంత గొట్టం కలుస్తది, స్వరం దిగుతది. ఒకటీ మూడూ కలిపి నొక్కితే రెండు గొట్టాలూ కలుస్తయి గని, అవి రెండూ వట్టి 18 అడుగుల లెక్కకు కొలిచి కోసినవి. అప్పటికే పొడుగైన గొట్టానికి ఆ కొలత సరిపోదు. అందుకే స్వరం కొద్దిగ మీదికి పోతది, చెవికి గుచ్చుతది. నాలుగో వాల్వు ఒక్కటే ఆ రెండింటి పని సరైన కొలత తోటి చేస్తది, ఇంకా కిందికి పోయే తొవ్వ కూడా ఇస్తది. ఈ తప్పును గొట్టంలోపలే దిద్దే పద్ధతిని బ్లెయిక్లీ అనేటాయన లండన్‌ల 1874ల కనిపెట్టిండు. అది చక్కటిదే, కాని బరువు, ధర రెండూ ఎక్కువ. ఇప్పుడే నీకు అక్కర లేదు.

పిస్టనా, రోటరీనా అన్నవు. రోటరీ వేళ్లకు మెత్తగుంటది, జర్మనోళ్లకు అదే ఇష్టం. నేనైతే పిస్టనే అంట, సంగీతం చూసి కాదు, దుమ్ము చూసి. పిస్టన్ మూత నువ్వే విప్పుతవు, బట్టతోటి తుడుస్తవు, రెండు చుక్కలు నూనె వేస్తవు, అయిపాయె. రోటరీ విప్పుడు తెల్సినోని పని. ఆ తెల్సినోడు మనకు హైదరాబాదులనే దొరుకుడు కష్టం. నూనె అంటే వాల్వు నూనె. కొబ్బరినూనె వేసినోన్ని నేను చూసిన. చలికాలంల వాని వాల్వులు పేరుకున్న నెయ్యి లెక్క అయినయి.

ఎక్కడ కొనాలె? కాజీపేటల తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఢిల్లీ, అక్కడికి 70 కిలోమీటర్లు మేరఠ్. జలీ కోఠీ అనే వాడ ఉంటది, వాడంతా బ్యాండు సామానే. నాదిర్ అలీ కంపెనీ 1885 నుంచి ఆ ఊర్ల ఉన్నది. దేశంల పెండ్లి బ్యాండ్లోళ్ల చేతుల బూరలు చాలామట్టుకు అక్కడియే. రెండు దినాలు తిరిగినా వృథా కాదు, ఒక్క షెడ్డుల రేకును కొట్టి బెల్లు చేసుడు చూస్తే నీకు ట్యూబా మీద గౌరవం వేరే తీరుగ పుడుతది. మేరఠ్ సరుకు చేతిపని, ఒకే వరుసల ఉన్న రెండు కూడా ఒక్క తీరు పలుకవు. కాబట్టి చేతిలకు తీసుకొని ఎంచుకునేటోనికి లాభం, ఫోన్ల ఆర్డరిచ్చేటోనికి నష్టం. నా సొంతానికి మొదటిది అట్లనే తెప్పిచ్చుకున్న. ఎవరిదో చెప్ప. పెట్టె విప్పితే అద్దం లెక్క మెరిసింది, మూడో స్లైడు కాడ గాలి కారింది. ఏడాది పొడుగూత తప్పు నా ఊపిరిది అనుకున్న.

అందుకే పరీక్ష చెప్త. ముందుగాల ఒక మౌత్‌పీసు కొను, ట్యూబా కన్న ముందే. యుఫోనియంది పట్టదు. దాన్ని జేబుల పెట్టుకొని ప్రతి ట్యూబాకూ అదే తొడిగి చూడు. మౌత్‌పీసు మారితే నువ్వు ట్యూబాలను కాదు, మౌత్‌పీసులను పోల్చినట్టయితది. తొడిగినంక ఊగుతదా చూడు. కాడ లావు అన్ని దేశాలది ఒక్కటి కాదు. తర్వాత వాల్వు నొక్కకుంట దాని స్లైడు బయటికి గుంజు, కొంచెంసేపు ఆగి వాల్వు నొక్కు. "టప్" మని చప్పుడు రావాలె. రాకుంటే గాలి కారుతున్నట్టు. స్లైడు అసలే కదలకుంటే లేచి ఇంకో దుకాణానికి పో.

వాయించేటప్పుడు గట్టిగ ఊదకు. గట్టిగ ఊదితే ప్రతి ట్యూబా గొప్పగనే ఉంటది, దుకాణపోళ్లు అందుకే "జోర్ సే, జోర్ సే" అంటరు. కింది స్వరాన్ని నిద్రపోతున్న పిల్లగాని పక్కన వాయించినట్టు సన్నగ మొదలుపెట్టు. అప్పుడు వెంటనే పలికేదే నీది. ట్యూనరు ముల్లును చూసుకుంట వాయించకు, పెదవులు తెల్వకుంటనే దిద్దేస్తయి. దోస్తు చేతికిచ్చి రాసుకోమను. అదే దోస్తును ఇరవై అడుగుల దూరంల గోడ దిక్కు తిరిగి నిలబడుమను. చెవి పక్కన లొల్లిగ ఉన్నది దూరానికి కమ్మగ వినబడొచ్చు, దగ్గర కమ్మగ ఉన్నది అక్కడికి చేరకపోవచ్చు. ట్యూబా దూరమోళ్ల కోసం చేసిన వాద్యం.

ఇంటికి తెచ్చినంక ఇత్తడి మీద ప్రేమ ఎక్కువ చూపించొద్దు. దసరాకు ముందురోజు మీ అత్త నా మీద దయతోటి ఇంట్ల బిందెలతో పాటు బెల్లును సుత చింతపండు పెట్టి తోమింది. మీదున్న లక్క పూత మచ్చలు మచ్చలుగ లేచింది. తడిబట్ట, ఆ వెనుక పొడిబట్ట, అంతే. సొట్ట పడితే పెంబర్తి పోదామని నీకు అనిపిస్తది, మన జిల్లానే కదా, ఇత్తడి రేకు మీద వాళ్ల చేతికి తిరుగులేదు. నేనూ పోయిన. అక్కడి ఒక పెద్దాయన బెల్లును అటూఇటూ తిప్పి చూసి, "మేము బొమ్మ లేపుతం, సొట్ట దించుడు వేరే పని" అని చేతులు జోడిచ్చిండు. తెల్వని పని ముట్టుకోని పనిమంతుడు. ఆయనకు చాయ్ తాపిచ్చి వచ్చిన. చిన్న సొట్టకు శ్రుతి ఏం చెడదు, ఉండనియ్యి.

పాలకుర్తి సోమన పండితారాధ్య చరిత్రల ఎన్ని వాద్యాల పేర్లు చెప్పిండో చదివినవు కదా. మన పక్క ఊరాయన, ఏడెనిమిది వందల ఏండ్ల కింద. అందుల ట్యూబా ఎట్లుంటది, అది బెర్లిన్‌ల 1835ల పుట్టింది. కాని సన్నాయి ఎనుక సన్నగ "సా" పట్టుకునే పని అప్పటిదే. రిటైరై వచ్చినంక నాకు దొరికిన తోడు అదే. ఊరి సన్నాయి మేళంల శ్రుతి పట్టే పిల్లగాడు సూరత్ పోయిండు. ఒకరోజు వాళ్లు సాధన చేస్తుంటే నా పాత ట్యూబా పట్టుకపోయి కూసున్న. సన్నాయి శ్రుతి దానిష్టం, మార్చవశం కాదు. నేను పెద్ద స్లైడు గుంజితే నా శ్రుతి దిగుతది, ఎక్కించుడు మాత్రం దాని చేతుల లేదు. మే నెల ఎండల ఇత్తడి కాలి అదే ఎక్కుతది, అది వేరే సంగతి. మొదటి రోజు కుదరలే. మూడో రోజు ఒక స్వరం పట్టుకున్న, సన్నాయి దాని మీద వచ్చి నిలబడ్డది. ఆ ముసలాయన వాయించుడు ఆపకుంటనే కండ్లెగరేసి నన్ను చూసిండు. పైన చెప్పిన క్లారినెటోని చూపు, ఈ చూపు, రెండూ యాదికున్నయి.

మొదట్ల రోజుకు 20 నిమిషాలు సాలు. కింది స్వరాలు ఊపిరిని తాగుతయి, తల తిరుగుతది, భయపడకు. పక్కింటోళ్లతోటి ముందే మాట్లాడుకో. ఇక్కడ నేను పొద్దుగూకే యాళ్లకు చెరువుకట్ట మీద వాయిస్త, బర్రెలు తలెత్తి చూసి మళ్ల మేస్తయి.

పైసలు పంపే ముందు ఒక ఆదివారం దోస్తులను తోలుకొని ఇటు రాండ్రి. ట్యూబా నాది ఉన్నది కదా, వాళ్లెనుక నిలబడి చూడు. మీ అత్త మక్కగారెలు చేస్తదట. జనగామ దాక బస్సుల వచ్చి ఫోన్ చెయ్యి, బండి తెస్త. మౌత్‌పీసు మాత్రం కొనుక్కొని రా. నాది నేను ఎవరికీ ఇయ్య.

మీ మామ