తుపానులో నేర్చుకొను పాఠము



భయము లేని మనుష్యుడు లేడు. పిల్లవాడు చీకటికి భయపడును. పెద్దవాడు రోగమునకు, అప్పునకు, పని పోవుటకు భయపడును. ముసలివాడు ఒంటరితనమునకు భయపడును. భయపడుటయే పాపమని కొందరు తలంతురు, అది సరికాదు. గెత్సేమనే తోటలో యేసు ప్రభువు సహితము మిగుల కలవరపడి, తన దుఃఖమును శిష్యులకు దాచక చెప్పి, పిమ్మట ప్రార్థించెనని మార్కు సువార్త 14వ అధ్యాయములో చదువుచున్నాము. కావున భయము కలిగినప్పుడు దానిని ఎవరియొద్దకు తీసికొని పోవలెనో తెలిసికొనుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము.

1. పడవలోని శిష్యులు

మార్కు సువార్త 4వ అధ్యాయము చివర గలిలయ సముద్రముపై వచ్చిన తుపాను వృత్తాంతము కలదు. అది నిజముగా కొండల నడుమ నున్న మంచినీటి సరస్సు. అకస్మాత్తుగా గాలులు దిగి అలలు లేచుట అక్కడ వాడుక. ఆ శిష్యులలో నలుగురు చేపలు పట్టువారు. ఆ నీళ్లలోనే పెరిగినవారు. అట్టివారే భయపడిరనిన ఆ గాలి ఎంతటిదో ఊహించుకొనవచ్చును. ప్రభువు పడవ వెనుకభాగమున తలగడపై నిద్రించుచుండెను. వారు ఆయనను లేపి, మేము నశించుచుండగా నీకు చింత లేదా అని అడిగిరి.

ఇక్కడ మూడు సంగతులు గమనింపవలెను. మొదటిది, వారి ప్రార్థన అందమైన ప్రార్థన కాదు, అది ఫిర్యాదు. అయినను ఆయన దానిని త్రోసివేయక, లేచి గాలిని గద్దించెను. రెండవది, ఆ పడవతోకూడ మరి కొన్ని పడవలును వచ్చెనని మార్కు వ్రాసెను. నిమ్మళమైన నీరు వాటికిని దొరికెను గదా! దేవుడు పంపు శాంతి ఒక్క పడవవారికే కాదు. మూడవది, గాలి అణగిన తరువాతను శిష్యులు భయపడిరి. కాని అది వేరొక భయము. మన తెలుగులో దానికి చక్కని మాట ఉన్నది: భయభక్తులు. మొదటి భయము మనుష్యుని చేతులు కట్టివేయును. రెండవది ఆ చేతులను జోడింపజేయును.

2. మన పెద్దలు దాటిన సముద్రము

మన పెద్దలకు ఈ వృత్తాంతము కథ కాదు. 1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసునుండి డర్బను రేవునకు వచ్చెను. అప్పటినుండి 1911 వరకు 1,52,184 మంది కూలి ఒడంబడికపై నాటాలునకు వచ్చిరి. వారిలో తెలుగువారు అనేకులు. సముద్రమును దాటినచో కులము పోవునను భయము, ఓడలో రోగముల భయము, దిగిన తరువాత సర్దారు భయము, సెలవుచీటీ లేక తోట దాటినచో శిక్ష భయము వారిని వెంబడించెను. 1895వ సంవత్సరపు చట్టమువలన, ఒడంబడిక తీరిన పిమ్మట ఇక్కడ నిలిచినవారిపై ఏటేట మూడు పౌనుల పన్ను విధింపబడెను. అది 1914లో రద్దగువరకు అప్పుల భయమును వారిని విడువలేదు.

1903లో నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టు సంఘములు తమ స్వదేశ మిషనరీ సమాజము ద్వారా రెవరెండు జాన్ రంగయ్యగారిని ఈ దేశమునకు పంపిరి. ఆయన ఒడంబడికకు కట్టుబడిన కూలీ కారు. ఎవరును ఆయనను బలవంతము చేయలేదు. అయినను భార్యాబిడ్డలతో అదే సముద్రము దాటి వచ్చి, కెర్స్‌నీ తేయాకు తోటలోని తెలుగువారి నడుమ ఆ సంవత్సరమే సంఘమును స్థాపించిరి. 1915లో కన్నుమూయు వరకు ఇక్కడనే సేవచేసిరి. ఆయన తోటపనిని తేలిక చేయలేదు, పన్నును తీసివేయలేదు. కాని భయపడుచున్నవారు తమ భాషలో ప్రార్థించుటకు ఒక స్థలము కలిగెను. తుపానులో పడవలోనికి ఒకడు వచ్చి కూర్చుండుట చిన్న సహాయము కాదు.

3. అవ్వ అడిగిన మాట

నా సంగతి కొంచెము చెప్పనిండు. మాది బాప్టిస్టు కుటుంబము. నా బాల్యమున మా ఊరిలో తెలుగు నేర్పు చోటు దేవాలయపు తరగతి ఒక్కటే. నన్ను అక్కడికి పంపుటకు మా నాయన జంకెను. సంఘమువారు ఏమందురో అని ఆయన భయము. అప్పుడు మా అవ్వ, "అక్షరానికి మతమేందిరా? బైబిలు చదవాలన్నా అక్షరాలు రావాల గదా!" అనెను. గురువుగారు నా పేరు విని, ఏమియు అడుగక, ముందు వరుసలో కూర్చుండబెట్టిరి. ఆ విధముగా రెండు భయములు ఒక్క దినమున తీరెను.

చాల ఏండ్ల తరువాత అవ్వ ఆసుపత్రిలో చివరి దినములలో నుండెను. రాత్రియైనచో ఆమె చేతులు వణకుచుండెను. తన తల్లి ఓడలో పడిన బాధలు తలచుకొని, నీళ్లు వచ్చుచున్నవని కలవరించుచుండెను. దేవాలయపు తరగతిలో నేర్చిన అక్షరములతో నేను ఆమెకు మార్కు సువార్త 4వ అధ్యాయము చదివితిని. ఆమె కన్నులు మూసికొనియే, "ఆయన పడవలోనే వుండాడా నాయనా?" అని అడిగెను. "వుండాడు అవ్వా" అంటిని. ఆమె రోగము తగ్గలేదు. మూడవ దినమున ప్రభువునందు నిద్రించెను. కాని ఆ రాత్రి ఆమె చేతుల వణకు నిలిచెను.

4. మనము చేయవలసినది

విశ్వాసము ప్రతి తుపానును ఆపునని నేను నా విద్యార్థులకు చెప్పను. అట్లు చెప్పినచో అవ్వ పడక నాకు సాక్ష్యమియ్యదు. విశ్వాసమనగా పడవలో ఎవరున్నారో మరువకుండుట. పరిపూర్ణమైన ప్రేమ భయమును వెళ్లగొట్టునని యోహాను తన మొదటి పత్రిక 4వ అధ్యాయములో బోధించెను. కావున భయపడువానిని గద్దింపక, వానియొద్ద కూర్చుండవలెను.

ఇంటిలో చర్చించుటకు ప్రశ్నలు:

అ) మీ ఇంటి పెద్దలు దేనికి ఎక్కువ భయపడిరి? వారికి ధైర్యము చెప్పినవారెవరు?

ఆ) భయమునకును భయభక్తులకును భేదమేమి?

ఇ) మీ పడవ వెంట వచ్చుచున్న ఇతర పడవలు ఎవరివి? మీకు దొరికిన శాంతి వారికి అందుచున్నదా?

సముద్రము దాటించిన దేవుడు మన బిడ్డలకును తోడై యుండును గాక.