ఇంజన్‌కు అన్నం లెక్క
(పాత ఎం.పి.ఎఫ్.ఐ. కారులో పెట్రోలు పట్టికను సరిదిద్దే విధానం)



మేము రామంతాపూర్‌లో ఈ హాస్టల్ గదుల్లోనే ఉండి మెకానికల్ డిప్లొమా పూర్తి చేసిన నలుగురం. ఇప్పుడు ఒకరం ఉప్పల్‌లో చిన్న షెడ్డు నడుపుతున్నాం, ఇద్దరం నాచారం పారిశ్రామికవాడలో, ఒకరం కార్ల సర్వీసు సెంటర్‌లో పనిచేస్తున్నాం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు, మేము చదువుకునే రోజుల్లో తెలుగులో ఎక్కడా దొరకని పాఠం ఒకటి రాయాలనుకున్నాం. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన మాకు ఇంగ్లీషు మాన్యువల్ చూస్తేనే భయం వేసేది. ఆ భయం మీకు ఉండకూడదని ఈ ప్రయత్నం.

మెస్సు లెక్కతో మొదలుపెడదాం

మన మెస్సులో ప్రతి పూటా ఎంత బియ్యం పోయాలో ఎలా నిర్ణయిస్తారు? ముందు హాజరు చూస్తారు. ఆదివారమా, పరీక్షల రోజా, పండుగ సెలవుల ముందు రోజా అని చూస్తారు. ఆ అనుభవంతో ఒక లెక్క ఉంటుంది. పూట గడిచాక గిన్నెలో మిగిలిన అన్నం చూసి రేపటి లెక్క సరిచేస్తారు. తక్కువ పోస్తే పిల్లలు పస్తు, ఎక్కువ పోస్తే అన్నం వృథా.

ఇంజన్ సంగతీ ఇంతే. లోపలికి వచ్చిన గాలి హాజరు. దానికి తగినంత పెట్రోలు పోయడం వంట. పొగ గొట్టంలో మిగిలిన ఆక్సిజన్ గిన్నెలో మిగిలిన అన్నం. ఈ మూడూ గుర్తుంటే మిగిలిన పాఠమంతా సులభం.

ఇథనాల్ కలవని పెట్రోలు 1 గ్రాము పూర్తిగా కాలడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. దీన్ని 14.7 నిష్పత్తి అంటాం. అంతకంటే గాలి ఎక్కువైతే ‘లీన్’, పెట్రోలు ఎక్కువైతే ‘రిచ్’. రిచ్ అయితే మైలేజి పడిపోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి, పొగ గొట్టంలోని కేటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది. బరువు లాగేటప్పుడు లీన్ అయితే అంతకంటే ప్రమాదం. వేడి, నాకింగ్ పెరిగి వాల్వులు, పిస్టన్లు దెబ్బతింటాయి.

కార్బురేటర్ నుండి కంప్యూటర్‌కు

1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లో కార్బురేటర్ ఉండేది. జెట్టు, స్క్రూ తిప్పి మెకానిక్ చెవితోనే ట్యూనింగ్ చేసేవాడు. కాలుష్య నిబంధనలు కఠినమయ్యాక పరిస్థితి మారింది. 2000 ఫిబ్రవరి నుండి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మారు. అదే ఏడాది మారుతి 800 ఎం.పి.ఎఫ్.ఐ. రకం వచ్చింది. అంటే ప్రతి సిలిండర్‌కు ఒక ఇంజెక్టర్, అన్నింటికీ కలిపి ఒక కంప్యూటర్. దాన్నే ఇ.సి.యు. అంటాం. భారత్ స్టేజ్-2 హైదరాబాద్‌కు 2003లో, స్టేజ్-3 2005లో, స్టేజ్-4 2010లో వచ్చాయి. స్టేజ్-4 వచ్చిన నగరాల్లో మారుతి 800 అమ్మకం 2010లోనే ఆగిపోయింది. 2014 జనవరిలో తయారీ కూడా ఆగింది. అయినా ఆ కాలం నాటి ఎం.పి.ఎఫ్.ఐ. కార్లు మన గల్లీల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు నిండాక ఫిట్‌నెస్ చూపించి మళ్ళీ రెన్యువల్ చేయించాలి కనుక, ఇలాంటి బండ్లు షెడ్లకు వస్తూనే ఉంటాయి.

పట్టిక ఎలా ఉంటుంది?

పెట్రోలు పట్టిక మన టైంటేబుల్ లాంటిదే. అడ్డంగా ఇంజన్ వేగం (ఆర్.పి.ఎం.), నిలువుగా ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి (కిలోపాస్కల్) ఉంటాయి. ఒత్తిడిని మ్యాప్ సెన్సర్ కొలుస్తుంది. ఒక్కో గడిలో ఒక అంకె ఉంటుంది. ఆ వేగంలో, ఆ ఒత్తిడిలో సిలిండర్ నిజంగా ఎంత శాతం గాలితో నిండుతుందో చెప్పే అంకె అది. దీన్ని వాల్యుమెట్రిక్ ఎఫిషియెన్సీ, పొట్టిగా వి.ఇ. అంటారు. ఇంజన్ రెండు గళ్ళ మధ్యలో ఉంటే ఇ.సి.యు. మధ్య విలువ తీసుకుంటుంది. ఒక గడిలో 60, పక్క గడిలో 66 ఉంటే సరిగ్గా మధ్యలో 63.

ఇక్కడ మన ఊరికి సంబంధించిన విషయం ఒకటి ఉంది. సముద్ర మట్టంలో గాలి ఒత్తిడి సుమారు 101 కిలోపాస్కల్. హైదరాబాద్ 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ దాదాపు 95 మాత్రమే ఉంటుంది. తాళం తిప్పి ఇంజన్ స్టార్ట్ చేయకుండా చూస్తే మ్యాప్ సెన్సర్ సుమారు 95 చూపించాలి. 80 అనో, 105 అనో చూపిస్తే సెన్సర్‌నో, దాని వైరింగ్‌నో అనుమానించాలి. పట్టిక జోలికి పోకూడదు.

ఒక లెక్క చేద్దాం

796 సి.సి. ఇంజన్‌కు 3 సిలిండర్లు. ఒక్కోటి సుమారు 265 సి.సి. వేగం 2500 ఆర్.పి.ఎం., ఒత్తిడి 50 కిలోపాస్కల్, గాలి వేడి 40 డిగ్రీలు, గడిలో అంకె 70 అనుకుందాం. ఇంటర్‌లో చదివిన వాయు సమీకరణంలో ఇవి వేస్తే, ఒక సిలిండర్‌లోకి ఒకసారి వచ్చే గాలి సుమారు 103 మిల్లీగ్రాములు. దాన్ని 14.7తో భాగిస్తే 7 మిల్లీగ్రాముల పెట్రోలు కావాలి. ఇంజెక్టర్ మిల్లీసెకనుకు 2 మిల్లీగ్రాములు వదులుతుందనుకుంటే 3.5 మిల్లీసెకన్లు తెరవాలి. తెరుచుకోవడానికే పట్టే సమయం సుమారు 1 మిల్లీసెకను కలిపితే 4.5. కన్ను మూసి తెరిచేలోపు ఇంజన్ ఈ లెక్కను ఎన్నోసార్లు చేస్తుంది. పరీక్షలో తప్ప ఎక్కడా పనికిరాదనుకున్న సమీకరణం ప్రతి కారులోనూ ఉందని తెలిసిన రోజు మాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

సరిదిద్దే సూత్రం

పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ రెండు రకాలు. పాత కార్లలో ఉండే మామూలు రకం లీన్ అయితే 0.1 వోల్టు దగ్గర, రిచ్ అయితే 0.9 వోల్టు దగ్గర ఉంటుంది. ‘ఎక్కువా తక్కువా’ అని చెబుతుంది గాని ‘ఎంత’ అని చెప్పలేదు. పట్టిక సరిదిద్దడానికి నిష్పత్తిని అంకెలో చూపే వైడ్‌బ్యాండ్ సెన్సర్ కావాలి. అది ఉంటే సూత్రం ఇదే:

కొత్త అంకె = పాత అంకె × (కొలిచిన నిష్పత్తి ÷ కావలసిన నిష్పత్తి)

గడిలో 62 ఉంది, కొలిస్తే 15.8 వచ్చింది, కావలసింది 14.7. అప్పుడు 62 × 15.8 ÷ 14.7 = సుమారు 67. లీన్‌గా ఉంది కనుక అంకె పెరిగింది. అదే గడిలో 58 ఉండి 13.2 వస్తే 58 × 13.2 ÷ 14.7 = సుమారు 52. రిచ్‌గా ఉంది కనుక తగ్గింది.

అయితే కొన్ని నియమాలు పాటించాలి:

1. ఇంజన్ పూర్తిగా వేడెక్కాకే కొలవాలి.
2. సెన్సర్ చూసి ఇ.సి.యు. తనంతట తాను దిద్దుకునే ఏర్పాటును ఆ సమయంలో ఆపి ఉంచాలి. లేకపోతే మనం ఒకవైపు, అది ఒకవైపు లాగుతాం.
3. వేగం, ఒత్తిడి కాసేపు నిలకడగా ఉండాలి. యాక్సిలరేటర్ తొక్కిన క్షణంలో వచ్చే అంకెను నమ్మకూడదు.
4. ఒక గడి మారిస్తే పక్క గళ్ళు కూడా చూడాలి. పట్టిక గుట్టలా నున్నగా ఉండాలి గాని మధ్యలో గుంటలు ఉండకూడదు.
5. తేలిక లోడు గళ్ళతో మొదలుపెట్టాలి. ఎక్కువ లోడు గళ్ళలో లక్ష్యం 14.7 కాదు, 12.5 నుండి 13 వరకు. అక్కడ పెట్రోలు మిగుల్చుకోవాలనుకుంటే ఇంజన్ పోగొట్టుకుంటాం.

మేము చేసిన తప్పు

సూత్రం రాగానే పని వచ్చినట్టు కాదు. చివరి ఏడాది ప్రాజెక్టుకు స్కాలర్‌షిప్పులో మిగిల్చిన డబ్బు, ఇళ్ళ నుండి తెచ్చిన డబ్బు కలిపి స్క్రాప్‌లో పాత 3 సిలిండర్ల ఎం.పి.ఎఫ్.ఐ. ఇంజన్ కొన్నాం. కంపెనీ ఇ.సి.యు.లోని పట్టికను మామూలు స్కానర్‌తో మార్చలేము. అందుకని పట్టిక తెరిచి మార్చుకోగల కంట్రోలర్‌ను పెట్టాం. ఇలాంటి వాటిలో పేరు పొందిన మెగాస్క్వర్ట్‌ను అమెరికాలో బ్రూస్ బౌలింగ్, అల్ గ్రిప్పో 2001లో రూపొందించారు. విద్యార్థులు, ఔత్సాహికులు సొంతంగా అతికించుకుని నేర్చుకునేలా తయారు చేశారు. మొదటి దానిలో పట్టిక 8 అడ్డం, 8 నిలువు మాత్రమే.

స్టాండు మీద ఇంజన్ తిరిగింది. ఒక గడిలో 48 ఉంది, సెన్సర్ 17.0 చూపించింది. సూత్రం వేసి 55 చేశాం. మళ్ళీ కొలిస్తే 16.8. 63 చేశాం. అయినా లీన్ అనే చూపిస్తోంది. ఇంకోవైపు పెట్రోలు వాసన కళ్ళు మండిస్తోంది, ఇంజన్ మిస్సింగ్ కొడుతోంది. వైవాకు వారం రోజులే ఉంది. ఇంజన్ పోతే మళ్ళీ కొనే స్తోమత నలుగురిలో ఎవరికీ లేదు. మాలో ఒకడు ఆ రాత్రి మెస్సుకు కూడా రాలేదు.

మరుసటి రోజు ఒక పాత మెకానిక్ పెద్దాయనను తీసుకొచ్చాం. ఆయన లాప్‌టాప్ వైపు చూడనే లేదు. “కంప్యూటర్ను అడుగుతున్నరు గాని బిడ్డా, ఇంజన్ను అడుగుతలేరు. ముంగట ప్లగ్గులు విప్పుండ్రి” అన్నాడు. విప్పాం. రెండు ప్లగ్గులు మసిపట్టి ఉన్నాయి. మూడోది పెట్రోలుతో తడిసి ఉంది. దాని వైరు లోపల తెగి, నిప్పురవ్వ ఒకసారి వస్తే ఒకసారి రావడం లేదు.

అప్పుడు అర్థమైంది. నిప్పు అందని సిలిండర్‌లోని గాలి కాలకుండా అలాగే పొగ గొట్టంలోకి పోతోంది. సెన్సర్ చూసేది ఆక్సిజన్‌ను. కాలని పెట్రోలు పక్కనే ఉన్నా, మిగిలిన ఆక్సిజన్ చూసి ‘లీన్’ అంటుంది. మెస్సులో అన్నం మిగిలిందంటే ఎక్కువ వండారనే కాదు, ఒక గది పిల్లలు భోజనానికి రాలేదని కూడా అర్థం కావచ్చు. సెన్సర్ అబద్ధం చెప్పలేదు, దాని మాటను మేమే తప్పుగా అర్థం చేసుకున్నాం.

ప్లగ్ వైరు మార్చి, అంకెను మళ్ళీ 48కి తెచ్చి కొలిచాం. 14.9 వచ్చింది. సూత్రం ప్రకారం కొత్త అంకె 49. మూడు రోజులు మేము కుస్తీ పట్టిన పట్టికలో తప్పు ఒక్క అంకె మాత్రమే!

స్టాండు మీద లోడు ఉండదు కనుక తేలిక గళ్ళు మాత్రమే సరిచేశామని, మిగిలినవాటికి డైనమోమీటర్ కావాలని వైవాలో ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ఆ మాటకే మార్కులు పడ్డాయని మా నమ్మకం.

పట్టిక తెరిచే ముందు చూడవలసినవి

• ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, ఎయిర్ ఫిల్టర్, కంప్రెషన్.
• ఇన్‌టేక్ వైపు పగిలిన రబ్బరు పైపులు. ‘స్’ మని గాలి లాగే చప్పుడు వస్తుందేమో వినాలి.
• పెట్రోలు ఒత్తిడి. పంపు బలహీనపడినా, ఫిల్టర్ మూసుకున్నా లీన్ అవుతుంది.
• కూలెంట్ వేడి సెన్సర్. అది తప్పుగా ‘చల్లగా ఉంది’ అని చెబితే ఇ.సి.యు. అనవసరంగా పెట్రోలు పోస్తూనే ఉంటుంది.
• సెన్సర్‌కు ముందు పొగ గొట్టంలో చిల్లు. బయటి గాలి లోపలికి పోయి లేని లీన్‌ను చూపిస్తుంది.

ఇవన్నీ బాగుంటేనే పట్టిక తెరవాలి. అనుభవంతో చెబుతున్నాం, చాలా బండ్లు ఇక్కడే బాగవుతాయి.

ఇప్పుడు ఈ పాఠం ఎందుకు?

పెట్రోలులో ఇథనాల్ కలపడం పెరిగింది. దేశంలో సగటున 10 శాతం 2022లో చేరుకుంది. 20 శాతం పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి సగటు 20 శాతానికి చేరింది. ఇథనాల్ 1 గ్రాముకు 9 గ్రాముల గాలే చాలు. 20 శాతం కలిస్తే సరైన నిష్పత్తి 14.7 నుండి సుమారు 13.5కు దిగుతుంది. అంటే అదే గాలికి దాదాపు 9 శాతం ఎక్కువ బరువు ఇంధనం పోయాలి. పైన వేసిన లెక్కలో 7 మిల్లీగ్రాములు కాస్తా 7.6 దాటుతుంది. నిదానంగా నడిచేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ ఉన్న ఇ.సి.యు. కొంతవరకు తనే దిద్దుకుంటుంది. పూర్తిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రం చాలా పాత ఇ.సి.యు.లు సెన్సర్‌ను పక్కన పెట్టి పట్టికనే నమ్ముతాయి. సెన్సర్ ముసలిదైపోయిన బండిలో ఆ దిద్దుబాటు కూడా ఉండదు. పాత రబ్బరు పైపులు ఇథనాల్‌కు తట్టుకోలేక ఉబ్బడం, పగలడం కూడా ఉంటుంది కనుక వాటినీ చూడాలి. బండి ‘పికప్ లేదు’ అని వచ్చినవారికి ఇంజన్ మార్చమని చెప్పే ముందు ఈ లెక్క తెలిసిన మెకానిక్ ఉంటే, ఒక కుటుంబానికి వేల రూపాయలు మిగులుతాయి.

రెండు జాగ్రత్తలు మరువకండి. రోడ్డు మీద తిరిగే బండిని కంపెనీ ప్రమాణాలకు భిన్నంగా మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతించదు. కనుక కంట్రోలర్ ప్రయోగాలు స్టాండు మీదే చేయండి. భారత్ స్టేజ్-2, 3 పెట్రోలు కార్లకు పొల్యూషన్ పరీక్షలో ఐడిల్ దగ్గర కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం, హైడ్రోకార్బన్లు 750 పి.పి.ఎం. దాటకూడదు. ఇక మూసిన షెడ్డులో ఇంజన్ ఎప్పుడూ నడపకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, ప్రాణం తీస్తుంది.

తమ్ముళ్ళూ! సూత్రం ఎవరైనా బట్టీ పట్టవచ్చు. అంకె వెనుక ఉన్న కారణం వెతికినవాడే మెకానిక్ అవుతాడు. మాకు ఆ సంగతి నేర్పింది పుస్తకం ఒక్కటే కాదు, చదువు లేకున్నా చేతిలో విద్య ఉన్న ఆ పెద్దాయన కూడా. మీలో ఎవరికైనా ఈ పని మీద ఆసక్తి ఉంటే సెలవుల్లో ఉప్పల్ షెడ్డుకు రండి. ఆ ఇంజన్ ఇంకా మా దగ్గరే ఉంది, ఇప్పటికీ తిరుగుతోంది. పట్టిక తెరిచి పెడతాం. ముందు మాత్రం ప్లగ్గులు విప్పిస్తాం.