మూలకమా, సంయోగ పదార్థమా? – పోటీ పరీక్షల ప్రత్యేకం

ఒకే పరమాణు సంఖ్య గల పరమాణువులతో నేర్పడి, రసాయనిక చర్యలచే అంతకన్న సరళ పదార్థములుగా విడఁదీయ వీలుకానిది మూలకము (నేఁటికి గుర్తింపు పొందినవి 118). రెండు లేక అంతకుమించిన మూలకములు స్థిరమైన భార నిష్పత్తిలో రసాయనికముగాఁ గలియఁగా నేర్పడునది సంయోగ పదార్థము. స్థిరానుపాత నియమము: ప్రౌస్ట్, 1799. తఱచుగా అడుగుదురు.

మైదుకూరు విద్యార్థికి ఉదాహరణములు దూరమున లేవు. ఎఱ్ఱగుంట్ల సిమెంటు కర్మాగారములకు ఆధారమైన సున్నపురాయిలో ముఖ్యాంశము కాల్షియం కార్బొనేటు. బరువున 100 పాళ్లలో కాల్షియం 40, కర్బనము 12, ఆక్సిజన్ 48. కాల్చినచో పొడిసున్నము 56, కార్బన్ డయాక్సైడు 44. అంకెలు కంఠస్థము చేయఁదగినవి. మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) బేరియం సల్ఫేటు. కరుగు బేరియం లవణములు విషములని యెఱిఁగినవారు సైతము, ఇది నీటఁ గరుగదు గనుక ఎక్స్‌రే పరీక్షకై రోగులచేఁ ద్రాగింతురన్న సంగతి మఱతురు. తుమ్మలపల్లె యురేనియము మూలకమే (పరమాణు సంఖ్య 92, క్లాప్రోత్, 1789), గనిలో లభించు ఖనిజము మాత్రము సంయోగరూపము.

ఇఁక పసుపు: ఇది ఉచ్చు ప్రశ్న. పసుపు మిశ్రమము, అందలి కర్క్యుమిన్ (కర్బనము 21, హైడ్రోజన్ 20, ఆక్సిజన్ 6 పరమాణువులు) సంయోగ పదార్థము. సున్నము సోఁకఁగనే పసుపు ఎఱ్ఱనై పారాణి యగుట క్షార సూచిక.