వదినా అన్నవాళ్లే అమ్మా అంటున్నారు

సమస్య

అక్కా,

మాది త్రిపురారం. నాకు 46 ఏండ్లు. కోదాడ దిక్కు పల్లె నుంచి కోడలిగా వచ్చిన నాటికి మా అత్తగారింటికి రెండెకరాలే. కాల్వ పారితే పంట, లేకుంటే కూలి. మా ఆయన వడ్ల బస్తాలు మోసే హమాలీగా మొదలుపెట్టి కోతమిషన్ కొన్నడు. ఇప్పుడు రెండున్నయి. మిర్యాలగూడ మిల్లులకు వడ్లు పంపుతడు. పోయినేడు మేడ కట్టినం, కారు కొన్నం. ఎవ్వరి నోరూ కొట్టలేదు, కష్టపడి సంపాదించిందే.

నేను మాత్రం మారలేదక్కా. నూలు చీరే కడత. నాట్లప్పుడు ఇప్పటికీ మా పొలంల దిగుత. మా ఆయనకు అది నామోషీ. "బురద కాళ్లతోని మేడెక్కుతుంటే నలుగురు నన్నంటరు" అంటడు. పిల్లలూ ఆయన దిక్కే. ఆ మాటలు పడొచ్చు. పడలేనిది వేరే ఉంది.

ఇరవై ఏండ్లు బదుళ్లు పెట్టుకొని కలిసి నాట్లేసిన ఆడోళ్లు నన్ను "వదినా" అనేటోళ్లు. మొన్న వానాకాలం నాట్లల్ల "అమ్మా" అన్నరు. బువ్వ తినే యాళ్లకు, నా చిన్నోడి కాన్పుకు రాత్రంతా నా పక్కన కూసున్నామె గట్టు మీది మట్టిని కొంగుతోని తుడిచి "కూసో అమ్మా" అన్నది. నా గిన్నెల పచ్చిపులుసు అడగకుండ పోసుకునేటోళ్లు, ఆ రోజు ఒక్కరూ చెయ్యి చాపలేదు. నేనేం తప్పు చేసిన? మా ఆయన అవసరానికి అందరికీ అప్పిస్తడు, రెండు రూపాయల వడ్డీకే. ఆ విశ్వాసానికి వాళ్లు ఎంత పనున్నా ముందు మా పొలం నాటేసి పోతరు. అంత ప్రేమున్నోళ్లు నన్నెందుకు దూరం పెట్టిన్రు? మేడల ఉంటూ పాత మనిషిగా బతుకుడు కుదరదా?

— ఓ చెల్లెలు, త్రిపురారం

సలహా

చెల్లీ,

గట్టు తుడిచిన ఆ కొంగు దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ముందు మీ ఆయన సంగతి. 1967 ఆగస్టు 4న సాగర్ కాల్వలకు నీళ్లు వదిలారు. అంతకుముందు మీ దిక్కు మెట్ట ఊళ్లలో జొన్న గటకే తిండి, వరి అన్నం పండక్కి. మీ అత్తగారి ఈడు వాళ్లను అడిగితే చెబుతారు. అలాంటి ఇంట్లో పుట్టి, వీపు మీద బస్తాలు మోసిన మనిషికి మేడ అంటే ఇక ఎవరి ముందూ తల వంచక్కర్లేదన్న ధైర్యం. దాని మీద కోపం పెట్టుకోకు. గ్యాసు పొయ్యి, మిక్సీ, మెత్తటి పరుపు హాయిగా వాడుకో. నూలు చీర నీ ఇష్టం, నాట్లలో దిగడం నీ ఇష్టం. ఆయన వద్దన్నా మానకు. పిల్లల్ని మాత్రం నీలా ఉండమని బలవంతపెట్టకు.

ఇక నీ బాధ. దానికి జవాబు నీ ఉత్తరంలోనే ఉంది, నువ్వు గబగబా దాటేసిన రెండు మాటల్లో.

రెండు రూపాయల వడ్డీ అంటే 20,000 నోటుకు నెలకు 400, ఏడాదికి 4,800. ప్రామిసరీ నోటుకు మూడేళ్లతో గడువు తీరుతుంది కాబట్టి అప్పటికీ తీరకపోతే వడ్డీ కలిపి తిరగరాస్తారు. అంటే అదే అప్పు 34,400 అసలుగా మళ్లీ మొదలవుతుంది. కూలికి పోయే ఆడమనిషి ఎన్ని మళ్లు నాటితే అది తీరుతుంది? పైగా ఊరంతా ఒకేసారి నాట్లు పడే ఆ పది పదిహేను రోజుల్లో ఆమె ముందు మీ పొలానికే రావాలి. నువ్వు దాన్ని ప్రేమ అన్నావు. అప్పున్న మనిషికి రానని చెప్పే వీలుందా అని ఒక్కసారి ఆలోచించు. నీ చీర వాళ్లకు కొత్త కాదు, నువ్వూ కొత్త కాదు. వాళ్లు "అమ్మా" అన్నది మీ బీరువాలో ఉన్న తమ వేలిముద్రలను చూసి.

మీ పాత నల్లగొండ జిల్లాలో పిలుపుకు పెద్ద చరిత్ర ఉంది. "నీ బాంచన్ కాల్మొక్త" అనకుండా దొర ముందు నోరు విప్పలేని రోజులవి. కరివిరాల కొత్తగూడెంలో భూస్వాముల ఇంట పుట్టిన మల్లు స్వరాజ్యం ఇంట్లోనే ఉండిపోతే దొరసాని అయ్యేది. ఆమె తెలంగాణ సాయుధ పోరాటంలోకి వెళ్లింది. తలకు 10,000 రూపాయల వెల కట్టారు. రహస్యంగా తిరుగుతున్న రోజుల్లో జనం ఆమెను "రాజక్క" అన్నారు. తర్వాత తుంగతుర్తి నుంచి 1978లో, 1983లో ఎమ్మెల్యే అయింది. 2022లో కన్నుమూసింది. దొరసాని కావలసిన పిల్ల అక్క ఎలా అయిందో చూడు. వెట్టి మీద, నాగు వడ్డీ మీద తన ఇంటివాళ్ల లాంటి వాళ్లతోనే తలపడింది గనక ఆ పిలుపు దక్కింది. మీ ఇంట్లో జరిగేదాన్ని నేను వెట్టి అనను, అంత మాట తగదు. కానీ ఆ దారి ఇలాంటి చిన్న మలుపులతోనే మొదలవుతుంది, అందుకే భయపడుతున్నాను.

ఒక రాత్రి మీ ఆయన అన్నం తిన్నాక, తప్పు పట్టకుండా అడుగు: "నువ్వు బస్తాలు మోసిన రోజుల్లో ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చినవ్? అప్పుడు నీకెట్లుండె?" ఆయనకు గుర్తుంటుంది. అలాంటివి ఎవరూ మర్చిపోరు. తర్వాత నోట్లన్నీ ముందు వేసుకుని కూర్చోండి. అసలుకు అసలు వడ్డీ రూపంలో ఎప్పుడో కట్టేసినవాళ్ల నోట్లు చింపేయండి. మిగతావాళ్లకు వడ్డీని పొదుపు సంఘం అప్పులకు బ్యాంకు వేసే స్థాయికి దించండి. వడ్డీని అసలులో కలిపి తిరగరాయడం ఈ ఇంట్లో ఇక ఉండకూడదు. నాట్లకు ఎవరినీ ముందుగా రమ్మనకు. వచ్చినవాళ్ల కూలిని అప్పులో కోసుకోకుండా ఆ సాయంత్రమే చేతిలో పెట్టు. ఆయన ఒక్కరోజులో ఒప్పుకోకపోవచ్చు. నీ పొలంలో కూలి ఎలా ఇవ్వాలన్నది మాత్రం రేపటి నుంచే నీ చేతిలో ఉంది.

ఒకటి మాత్రం చేయకు. "నన్ను వదినా అనండి" అని వాళ్లను అడగకు. ఇప్పుడు నువ్వు అడిగితే అది కూడా హుకుంలా వినిపిస్తుంది. ఆ పిలుపు వచ్చే యాసంగికి రాకపోవచ్చు, ఆ పై వానాకాలానికీ రాకపోవచ్చు. గిన్నె మూత తీసి మధ్యలో పెట్టి నీ అన్నం నువ్వు తిను.

కాన్పు రాత్రి నీ పక్కన కూర్చున్నామె నోటు కూడా ఆ బీరువాలో ఉందా? ముందు అది చూడు.