రోగిని మరల పిలుచు విధానము

చికిత్స పొంది ఇంటికి పోవు రోగికి మరల ఎప్పుడు రావలెనో చీటీపై వ్రాసియిచ్చుట పాత పద్ధతి. ఆ చీటీ కొన్నాళ్ళకు పాత పంచాంగములోనికో, బియ్యపు డబ్బా క్రిందికో చేరును. నేడు ఈ బాధ్యతను పెక్కు వైద్యశాలలు కంప్యూటరునకు అప్పగించినవి. దీనికి రికాల్ అని పేరు. రేపటి అపాయింట్‌మెంటును జ్ఞాపకము చేయుట వేరు, రికాల్ వేరు. మొదటిదానిలో రోగి ముందే సమయము తీసికొనియున్నాడు. రెండవదానిలో ఆ సంగతినే మరచియుండవచ్చును.

మధుమేహ రోగికి ఏడాదికొకసారి కంటి పరీక్ష జరుగవలెననుకొందము. కడపటి పరీక్ష తేదీకి పండ్రెండు నెలలు కూడి సాఫ్ట్‌వేరు గడువు కట్టును. గడువు సమీపించినవారి జాబితా నుండి మరణించినవారిని, ఊరు విడిచినవారిని, సందేశములు వలదన్నవారిని, అన్యత్ర పరీక్ష చేయించుకొన్నవారిని తొలగించి, మిగిలినవారికి సందేశము పంపును. ఈ తొలగింపు సరిగా జరుగనిచో, కాలము చేసిన తండ్రిని పరీక్షకు రమ్మను సందేశము కుమారుని ఫోనునకు వచ్చును. ఇంకొక సూక్ష్మము కలదు. పరీక్ష జరిగినట్లు నమోదైన పిదపనే పాత గడువు మూయవలెను. సందేశము పోయినంతనే గడువు మూసివేయు ఏర్పాటు మిక్కిలి ప్రమాదకరము; రాని రోగి కూడ వచ్చినవానివలె జాబితా నుండి మాయమగును.

నియమము అస్పష్టమైనచో యంత్రమేమి చేయగలదు? ఇంగ్లండులో రొమ్ము కాన్సరు పరీక్షకై 50 ఏండ్లు నిండిన స్త్రీలను, 71వ జన్మదినము వరకు, మూడేండ్లకొకసారి పిలుతురు. 2018 మే నెలలో నాటి ఆరోగ్యమంత్రి జెరెమీ హంట్, సుమారు 4,50,000 మంది స్త్రీలకు చివరి పిలుపు అందలేదని పార్లమెంటులో ప్రకటించి, కంప్యూటరు లెక్కను కారణముగ చూపెను. అదే సంవత్సరము డిసెంబరులో వెలువడిన స్వతంత్ర సమీక్ష, ఆ సంఖ్య అధికముగ చెప్పబడినదనియు, చివరి పిలుపు ఏ వయస్సున పంపవలెనను విషయమున గల అస్పష్టతయే సమస్యకు మూలమనియు తేల్చినది. మన ఇండ్లలో “డెబ్బయ్యో ఏడు నడుచుచున్నది” అనుటకును “డెబ్బది నిండినవి” అనుటకును ఏడాది భేదము కలదని ముసలమ్మలు సైతము ఎరుగుదురు. ఆ భేదమును ముందుగా తేల్చి వ్రాయక, పిదప యంత్రమును నిందించుట తగదు.

ఇట్లనుటచే ఈ విధానము నిష్ప్రయోజనమని భావింపరాదు. టీకాల విషయమున జరిగిన అనేక పరిశోధనలను కాక్రేన్ సంస్థ 2018లో క్రోడీకరించగా, ఇట్టి పిలుపుల వలన టీకా పొందినవారు సగటున నూటికి 8 మంది వంతున పెరిగినట్లు తేలినది.

మన హైదరాబాదు వంటి నగరమున భాష యొక్క ప్రసక్తి కూడ వచ్చును. ఉర్దూ మాత్రమే చదువగల తల్లికి ఆంగ్లమున సందేశము పంపుట పంపకుండుటతో సమానము. కావున రోగి పేరు నమోదు చేయునాడే, ఏ భాష చదువునో, ఆ ఫోను ఎవరి చేతిలో ఉండునో అడిగి వ్రాసికొనవలెను. ఇంటిల్లిపాదికి ఒకే ఫోను ఉన్నచోట వ్యాధి పేరు సందేశములో ఉండరాదు. “పరీక్షకు రండు” అనిన చాలును.

రెండు పిలుపులకును రానివారి జాబితా వారమునకొకసారి నర్సు చేతికి అందవలెను. ఆమె ఫోనులో “ఏమమ్మా, రాలేదేమి?” అని అడిగినచో బస్సు ఛార్జీలు లేవనియో, రంజాను ఉపవాసములు ముగిసిన పిదప వత్తుననియో తెలియును. ఆ జవాబును, మరల పిలువవలసిన తేదీని వ్రాయుటకు సాఫ్ట్‌వేరులో చోటుండవలెను. “రాలేదు” అను గడి ఒక్కటే ఇందుకు చాలదు.